ఆదివారం కోయని ఆకు

తులసి ఆకుకు పాచి లేదు. ఏ పువ్వైనా ఒక్కసారి దేవుడి ముందు పెడితే మరునాడు తీసి పారేయాల్సిందే. తులసి అలా కాదు. నిన్న పెట్టిన దళాన్నే ఈరోజు కడిగి మళ్ళీ పెట్టవచ్చు. వాడినా, ఎండినా, నలిగినా దాని విలువ తగ్గదు. ఈ మాట మా అత్త చెప్పింది. ఆమె చెప్పిన వెయ్యి మాటల్లో నా మనసుకు పట్టింది ఇదొక్కటే, ఎందుకంటే ఇందులో పొదుపు ఉంది.

కువైట్‌కు వంట పనికి వచ్చినప్పటి నుంచి ఈ మాట నాకు చాలా అక్కరకొచ్చింది. ఇక్కడ తులసి చెట్టు ఊళ్ళోలాగా గుబురుగా పెరగదు. ఎండాకాలం నాలుగు నెలలూ దానికి కొన ఊపిరే. కోస్తే నాలుగు ఆకులు దొరుకుతాయి. ఆ నాలుగింటినే కడిగి, ఆరబెట్టి, రెండు మూడు రోజులు వాడుకునేదాన్ని. నా గదిలో ఇనుప బీరువా తలుపు లోపలి వైపు వేంకటేశ్వరస్వామి పటం అంటించి ఉంది. దాని కింద చిన్న స్టీలు మూత. ఆ మూతే నా పూజ గది. తలుపు మూస్తే బీరువా, తెరిస్తే గుడి.

నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు మర్చిపోకుండా ఉన్నానంటే అది పంచాంగం పుణ్యమే. ఏ రోజు ఏకాదశో, ఏ రోజు ద్వాదశో ఇంకొకరిని అడగడం నాకు ఇష్టం ఉండదు. ఇప్పుడు ఇది రాస్తున్నది మామా పిల్లలు ఒకవైపు వాడి పడేసిన బడి కాగితాల వెనుక. మామా అంటే మేం పనిచేసే ఇంటి యజమానురాలు, ఇక్కడ అందరం అలాగే పిలుస్తాం. రాసిన కాగితాలు ఫోటో తీసి పంపితే ఊళ్ళో మా మనవరాలు తప్పులు దిద్దుతోంది. తప్పులు దిద్దు గానీ మాట మార్చొద్దు అని దానికి గట్టిగా చెప్పాను.

తులసి నాకు ఇచ్చింది అక్క. తోడబుట్టింది కాదు, మా పక్క ఊరి ఆమె. నాకంటే ఆరేళ్ళు పెద్ద. నాకంటే ముందు వచ్చి, సబా అల్ సలేం అనే పేటలో ఉన్న ఈ ఇంటి వాళ్ళతో మాట్లాడి నాకు వీసా తీయించింది. విమానం దిగిన రోజు నాకు అరబ్బీలో మొదటి మాట నేర్పింది కూడా ఆమే. "ఏం చెప్పినా ముందు జేన్ అను. బాగుంది అని. ఆ తర్వాత అర్థం చేసుకో."

ఒకసారి సెలవుకు పోయి వచ్చేటప్పుడు ఎండిన తులసి వెన్నులు పసుపు పొట్లంలో దాచి తెచ్చింది. ఆ గింజలు ఆవగింజలో సగం కూడా ఉండవు. వాటిని టీ తాగే కాగితం గ్లాసుల్లో చల్లితే రెండే మొలిచాయి. ఒకటి తను ఉంచుకుంది, ఒకటి నాకు ఇచ్చింది. ఇల్లు మారినప్పుడు తన మొక్క ఎండిపోయింది. నాది బతికింది. లబనా పెరుగు వచ్చే పెద్ద ప్లాస్టిక్ బకెట్‌కు అడుగున మేకుతో బొక్కలు పెట్టి అందులో నాటాను. పెరట్లో బయటి వంటింటి గోడ పక్కన పెట్టుకున్నాను. అక్కడ పొద్దున రెండు గంటలే ఎండ పడుతుంది. ఎండాకాలం కొళాయి తిప్పితే మిద్దె మీది ట్యాంకు నీళ్ళు సలసల కాగుతూ వస్తాయి. ఆ నీళ్ళు పోస్తే ఆ రోజుతో చెట్టు సరి. అందుకని ముందురోజే సీసాల్లో పట్టి, చల్లారనిచ్చి, పొద్దున స్నానం చేసి పోసేదాన్ని. కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి ఉసిరి కొమ్మ దొరకదు. దుకాణంలో ఒక ఉసిరికాయ కొని, దాన్ని పుల్లకు గుచ్చి బకెట్ మట్టిలో నిలబెట్టి, దాంతోనే తులసమ్మకు పెళ్ళి చేసేదాన్ని. పెళ్ళయ్యాక ఆ కాయను పచ్చడిలో వేసుకునేదాన్ని.

నియమాలు మాత్రం తప్పలేదు. ఆదివారం, మంగళవారం, శుక్రవారం కోయను. ద్వాదశి నాడు కోయను. పొద్దు గూకాక ముట్టను. గోరు తగలనివ్వను. కోసే ముందు, "తల్లీ, నీ ఒంటి నుంచి తీసుకుంటున్నా, మన్నించు" అని చెప్పుకుంటాను. కోయకూడని రోజుల్లో ముందురోజు ఆకులనే కడిగి స్వామి ముందు పెడతాను. నేను పాటించడమే కాదు, ఇతరులూ పాటించాలని పట్టుబట్టేదాన్ని. పక్కింట్లో పనిచేసే ఒకామె దగ్గు తగ్గడం లేదని ఒక మంగళవారం వచ్చి, నేను చూడకుండా నాలుగు ఆకులు గిల్లుకుపోయింది. నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ సంగతి తెలిసి అక్క నవ్వింది. "దగ్గుకు వారాలు తెలుస్తాయామ్మే? దగ్గొచ్చినోళ్ళకు ఆకు ఇయ్యని దేవత యా దేవత?"

"దేవత ఇస్తాది. ఆమె అడిగి తీసుకోవాల. బుధవారం అడగాల."

"అయితే నీ తులసమ్మకు ఇఖామా కూడా కొట్టిచ్చు. మంగళారం సెలవు, శుక్రారం సెలవు, ఆదివారం సెలవు. మనకు లేని సెలవులు ఆ యమ్మకుండాయే!"

ఇఖామా అంటే ఇక్కడ ఉండటానికి సర్కారు ఇచ్చే అనుమతి కార్డు. అక్క అంతే. ఆమెకు భక్తి ఉంది, పట్టింపు లేదు. నాకు పట్టింపు ఉంది. భక్తి సంగతి ఇప్పుడు చెప్పలేను.

ఈ ఇంట్లో మామా వాళ్ళ అత్తగారు ఉంటుంది. ఆమెను మామా కబీర్ అంటాం, అంటే పెద్ద మామా. కళ్ళు సరిగా కనబడవు. సాయంత్రాలు పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది. మొక్క పెట్టిన కొత్తలో గాలికి వాసన వచ్చి, చేత్తో తడుముకుంటూ పోయి ఒక రెమ్మ విరిచింది. "రిహాన్" అంది. వాళ్ళ ఇళ్ళల్లో పెరిగే వాసనాకు పేరు అది. విరిచి టీలో వేసుకుంది. పొద్దు గూకి ఉంది, పైగా అది శుక్రవారం.

నాకొచ్చిన అరబ్బీలో, "హాదా మాల్ అల్లా, మామా" అన్నాను. ఇది దేవుడిది అని.

ఆమె తాపీగా టీ తాగి, "కుల్లు మాల్ అల్లా" అంది. అన్నీ దేవుడివే అని.

అప్పటి నుంచి ఆమెకు అందకుండా బకెట్‌ను ఇంకో మూలకు జరిపాను. ఆమె ఆ మూలకూ వచ్చేది.

అక్కకు కడుపులో గడ్డ అని తెలిసేటప్పటికే ముదిరిపోయింది. అప్పటికి ఆమె ఇళ్ళల్లో పని మానేసి ఫర్వానియాలో గది తీసుకుని ఉంటోంది. గదిలో తోడు రాయచోటి అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటాయి. ముస్లిముల బిడ్డ. దజీజ్‌లో ఒక గోదాములో బట్టలు మడిచి అట్టపెట్టెల్లో పెట్టే పని చేస్తుంది. అక్కను పెద్దమ్మ అని, నన్ను చిన్నమ్మ అని పిలుస్తుంది. ఆసుపత్రిలో అక్కకు తల దువ్వింది, మలమూత్రాలు ఎత్తింది, అన్నం తినిపించింది ఆమే. నేను శుక్రవారం శుక్రవారం పోయి, మంచం పక్కన కూర్చుని, ఇలా పడుకో, అలా తినొద్దు అని చెప్పి వచ్చేదాన్ని.

ఊరికి పంపాలని కాగితాలు సిద్ధమయ్యాయి. బుధవారానికి టికెట్టు. అంతకుముందు శుక్రవారం నేను పోయేసరికి అక్క ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉన్నారు. మనిషి ఆకు రాలిన కంది పుల్లలాగా ఉంది. మాట మాత్రం స్పష్టంగా ఉంది.

"ఈసారొచ్చేటప్పుడు మన చెట్టు ఆకు రెండు పట్టకరామ్మే."

"ఎందుకు?"

"ఎందుకేంది, నోట్లోకి. ఇమానంలోనే పాణం పోతే ఎట్ల? ఆకాశంలో నాకు తులసి నీళ్ళు ఎవురు పోస్తారు?"

"నోరు మూసుకోని పండుకో. బుధవారం ఊర్లో ఉంటావు. నీ కొడుకు పోస్తాడులే, అదీ నీకు తొంబై ఏండ్లొచ్చినాక."

"నీ నోరు సల్లగుండ. అయినా తే. కొంగున కట్టుకోని పోతా. నాకు బయమైతాందమ్మే."

బయం అన్న మాట ఆమె నోట వినడం నాకు అదే మొదలు. ఇరాక్ సరిహద్దు వైపు ఎడారిలో ఒంటెల దొడ్డి దగ్గర ఒంటరిగా వంట చేసిన ఏడాది కూడా ఆ మాట అనలేదు. నేను సరే తెస్తాలే అన్నాను. బయటికొచ్చాక ఆ మాట మీద మనసు పెట్టలేదు.

తీర్థం సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మా వైపు మనిషి పోయే ఘడియలో నోట్లో తులసి ఆకు వేసిన నీళ్ళు చెంచాతో పోస్తారు. ఆ నీళ్ళు గొంతు దిగినవాళ్ళ దగ్గరికి యముడి మనుషులు రారంటారు. పాణం ఆ వాసన పట్టుకుని స్వామి దగ్గరికి పోతుందంటారు. మా వైపు చావును ఎవరూ తప్పు పట్టరు, తీర్థం లేని చావునే తప్పు పడతారు. ఏ జబ్బుతో పోయింది అని తర్వాత అడుగుతారు. నోట్లో నీళ్ళు పోసిందెవరు అని ముందు అడుగుతారు. మా అత్తకు నేనే పోశాను. మా నాయన చేను గట్టు మీద పడిపోయి, ఎవరూ చూడకముందే పోయాడు. ఆయన పోయినందుకు మా అమ్మ ఏడాది ఏడ్చింది. గొంతు తడవకుండా పోయినందుకు బతికినన్నాళ్ళూ ఏడ్చింది. ఇదంతా తెలిసినదాన్ని నేను.

ఆదివారం ఇక్కడ పని దినం. మామా తను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి, తిని పడుకుంది. నేను గిన్నెలు తోమి బయటి వంటింట్లో కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక వచ్చే అసర్ నమాజు బాంగు అయిపోయింది. రాయచోటి అమ్మాయి ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, పెద్దమ్మకు ఊపిరి ఎగబోస్తాంది. ఆకు, ఆకు అంటాంది. బిరీన తీసుకోని రా."

"డాక్టరేమన్నాడు?"

"ఏమీ అనల్యా. మందేసి పోయినాడు."

నేను లేచి నిలబడ్డాను. చెట్టు ఎదురుగానే ఉంది. ఆ వారం కొత్త చిగుళ్ళు కూడా వేసింది. దాన్ని చూస్తూ అన్నాను. "ఈపొద్దు ఆదివారం. రేపు పొద్దున్నే నీళ్ళు పోసుకోని, కోసుకోని వస్తా. పది గంటలకంతా ఆడుంటా."

"రేపా? రేపటి మాట ఎవురికి తెలుసు చిన్నమ్మా?"

"ఆదివారం కోయగూడదు. నీకు తెలీదులే."

"తెలీదు, నిజమే. మా తట్టయితే పాణం మీదికొచ్చినప్పుడు వారం చూడము. మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్ళుంటే జంజం, లేకుంటే కొళాయి నీళ్ళు." వెంటనే మళ్ళీ తనే అంది. "సరే, నువ్వు ముట్టుకోవద్దు. నేనే టాక్సీలో వస్తా, నేనే తుంపుకుంటా. పాపమొస్తే నాకు రానీ."

"నీళ్ళు పోసుకోకుండా, యాడ యాడ తిరిగి వచ్చి నువ్వెట్ల తుంపుతావు?"

ఫోన్‌లో ఆమె గొంతు తగ్గించి చాలా మెల్లగా అంది. "వజూ చేసుకోని తుంపుతా చిన్నమ్మా. నమాజుకు చేసుకున్నట్టే. కాళ్ళూ చేతులూ మొగమూ కడుక్కోని."

ఆ మాటకైనా నేను కరగాల్సింది. "వద్దు. రేపు వస్తానంటినా లేదా?" అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

పొద్దు గూకే వేళకు మామా కబీర్ పెరట్లోకి వచ్చింది. నేను టీ కలిపి తెచ్చేసరికి ఆమె మూలకు పోయి రెండు ఆకులు విరిచి చేత్తో పట్టుకుని కూర్చుంది. వేరే రోజైతే లోపల్లోపల గొణుక్కునేదాన్ని. ఆరోజు గొణగలేదు. గ్లాసు ఆమె ముందు పెట్టాను. ఆమె ఆకులు అందులో వేసింది. నేను చూస్తూ నిలబడ్డాను. తాగాక గ్లాసు అడుగున ఆ రెండు ఆకులూ ఉడికి నల్లబడి ఉన్నాయి. తులసిని చెత్తలో వేయకూడదు గనుక, వాటిని తీసి బకెట్ మట్టిలోనే పెట్టాను. ఆదివారం చెట్టు నుంచి ఆకులు రానే వచ్చాయి. ఒకరి టీలోకి వచ్చాయి, ఇంకొకరి నోట్లోకి పోలేదు.

సోమవారం తెల్లవారుజామున లేచాను. తలకు పోసుకుని, వేరే చీర కట్టుకుని, మన్నించు తల్లీ అని అడిగి, గోరు తగలకుండా అయిదు దళాలు తుంచాను. తడిబట్టలో చుట్టాను. మామాను అడిగితే డ్రైవరును పంపుతానంది. అప్పుడే ఫోన్ మోగింది.

"పెద్దమ్మ పాయ చిన్నమ్మా. తెల్లారుజాము సుబూ బాంగు చెప్తాండారు, ఆ యాలప్పుడు."

నేను గదిలోకి పోయి బీరువా తలుపు తెరిచాను. ఎందుకు తెరిచానో తెలియదు, అలవాటు. పటం కింద స్టీలు మూతలో మూడు ఆకులు ఉన్నాయి. శనివారం కోసినవి. ఆదివారం పొద్దున నేనే, నా చేతులతోనే కడిగి మళ్ళీ పెట్టినవి. అంచులు కాస్త ముడుచుకున్నాయి, అంతే.

తులసికి పాచి లేదు. కోయాల్సిన పనే లేదు. ఆ మూడు ఆకులూ కొంగున కట్టుకుని టాక్సీ ఎక్కితే అరగంటలో అక్క దగ్గర ఉండేదాన్ని. చెట్టును ముట్టకుండా, వారం తప్పకుండా, నా నియమానికి ఏ మచ్చా రాకుండా. ఇన్నేళ్ళు పొదుపు కోసం వాడుకున్న మాట, అవసరానికి నాకు తట్టలేదు.

తట్టలేదు అని చాలా రోజులు చెప్పుకున్నాను. ఇప్పుడు నిజం రాస్తాను. తట్టనివ్వలేదు. ఆకు తీసుకుని పోతే అక్క పోతోందని ఒప్పుకున్నట్టు. తీసుకుపోకపోతే ఆమె ఆగుతుంది, ఆకు కోసమైనా ఆగుతుంది, రేపు పది గంటల దాకా ఆగుతుంది. మనసు అడుగున అలా అనుకున్నాను. పైకి మాత్రం ఆదివారం అన్నాను. అన్నీ నా మాట వింటాయి అనుకునే మనిషిని నేను. ఊళ్ళో కూలివాళ్ళు, కోడళ్ళు, మనవళ్ళు అందరూ విన్నారు. ఇదీ వింటుంది అనుకున్నాను.

అక్కను పెట్టెలో పెట్టి ఊరికి పంపే రోజు, మొగం చూడటానికి మమ్మల్ని ఆసుపత్రి శవాల గది లోపలికి రానిచ్చారు. కాగితాల పనులు చూసే మన తెలుగాయన ఒకరు, త్వరగా చూసి రండమ్మా అన్నాడు. సోమవారం కోసిన ఆకులు నా చేతిలో ఉన్నాయి. అక్క పెదవులు బిగిసిపోయి ఉన్నాయి, రాయిలాగా. లోపలికి పోలేదు. పెదవుల మీద ఆకు పెట్టాను. జారింది. మళ్ళీ పెట్టాను. రాయచోటి అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "చాల్లే చిన్నమ్మా" అంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాను. "కడాన నోట్లో ఏమన్నా పోసినావా?"

"పోసినా. గలాసులో నీళ్ళు పట్టకచ్చి, ఇవి తులసి నీళ్ళే పెద్దమ్మా, చిన్నమ్మ పంపిచ్చినాది అని చెప్పి చెంచాతో పోసినా. అబద్దమే. అల్లా నన్ను మన్నించల్ల."

"మింగినాదా?"

"మింగినాది."

"ఏమన్నా అనెనా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అర్దియా వైపు తిరిగే చోట కారు ఆగి మళ్ళీ కదిలింది. అప్పుడు చెప్పింది.

"వాసన రాల్యాదే అన్నాది."

ఆమె గబగబా అందుకుంది. "నీ మింద కోపంతో అన్లేదు చిన్నమ్మా. ముక్కులో గొట్టం ఉండె కదా. గొట్టం ఉంటే ఇంక వాసన ఎట్లొస్తాది? దానికే అన్నాది."

అలాగే అయి ఉంటుంది. గొట్టం ఉన్నమాట నిజమే. అయినా అక్క పొయ్యి మీది పులుసుకు ఉప్పు చాలలేదని గడప అవతల నుంచే చెప్పే మనిషి.

ఊరి నుంచి అక్క కొడుకు ఫోన్ చేశాడు. మిగతా సంగతులేవీ అడగలేదు. "మా యమ్మ నోట్లో తీర్థం ఎవురు పోసినారు పిన్నమ్మా?" అన్నాడు.

"నేనే పోసినా నాయనా" అన్నాను. మాట ఎలా వచ్చిందో తెలియదు, వచ్చేసింది. అటువైపు మగవాడు, పెళ్ళీడు కూతురున్నవాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. "నీ కడుపున పుట్టి నీ రుణం తీర్చుకోవాల పిన్నమ్మా" అన్నాడు. రాయచోటి అమ్మాయి చెప్పిన అబద్ధం ఒకరి పాణం కోసం. నేను చెప్పింది నా మొగం కోసం.

వాడు ఊరంతా చెప్పాడు. పోయిన సెలవుకు నేను వెళ్ళినప్పుడు, వాళ్ళ ఊళ్ళో ముసలమ్మలు నా చేతులు కళ్ళకద్దుకున్నారు. "దేశం కాని దేశంలో తోడబుట్టకపోయినా తీర్థం పోసిన తల్లివి" అన్నారు. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. ఒకామె పసుపు కుంకుమతో రవికె గుడ్డ పెట్టింది. అది ఇంకా మడత విప్పలేదు. కుట్టించుకోవడానికి మనసు రాదు, పారేసే అలవాటు నాకు లేదు.

ఆ సెలవులోనే మా ఊరి గుడి పూజారిని అడిగాను. ఎవరి సంగతో కాదు, ఊరికే అడుగుతున్నా అన్నట్టు. "పాణం పోయే మనిషికి ఆదివారం తులసి కోయవచ్చునా అయ్యవారూ?"

ఆయన నవ్వాడు. "ప్రాణం పోయేటప్పుడు వారమేమిటమ్మా? నియమాలు మన తిండికీ, మన సుఖానికీ. చెట్టు కింద రాలిన ఆకు చాలు. ఆకు లేకపోతే చెట్టు మొదట్లో మట్టి చిటికెడు నీళ్ళలో కలిపినా చాలు. ఎవరికైనా అవసరం పడిందా?"

"లేదు" అన్నాను. రెండో అబద్ధం. మట్టి కూడా చాలునట. మామా కబీర్ టీ ఆకులు పెట్టిన మట్టి.

ఆయన కాదు, కోయకూడదు అని ఉంటే నాకు నెమ్మదిగా ఉండేది. తప్పు నాది కాదు, శాస్త్రానిది అనుకునేదాన్ని. శాస్త్రం తలుపు తీసే పెట్టింది. మూసింది నేను.

అక్క కొడుకు ఇది చదువుతాడో లేదో తెలియదు. మా మనవరాలు ఎక్కడో అచ్చు వేయిస్తానంటోంది. అవ్వా, ఈ ముక్క తీసేద్దామా అని కూడా అడిగింది. వద్దన్నాను. నాయనా, మీ అమ్మకు తీర్థం పోసింది నేను కాదు. పోసింది రాయచోటి బిడ్డ. అవి ఉత్త నీళ్ళు. ప్రేమగా పోసింది. రుణం అంటూ ఉంటే అది ఆమెకే తీర్చాలి.

ఈ ఏడు చలికాలంలో చెట్టు వెన్ను వేసింది. గింజలు రాల్చి ఒక మొక్క మొలిపించాను. కాగితం గ్లాసులో పెట్టుకుని ఫర్వానియా పోయి రాయచోటి అమ్మాయికి ఇచ్చాను. ఆమె కిటికీ గట్టు మీద పెట్టి, దాని వైపు, నా వైపు చూసింది.

"నాకెందుకు చిన్నమ్మా ఇది? దగ్గొస్తే తుంపుకోవచ్చా?"

"తుంపుకో. మంగళారమైనా తుంపుకో." గ్లాసులో మట్టి సర్దుతూ చెప్పాను. "నాకు ఈడనే ఏమన్నా అయితే నువ్వే నోట్లో పోయాల."

"అబ్బా, నీ మనవరాండ్ల దగ్గరికి పోయి సావరాదా, నా పాణం తీయకుండా!" అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత నన్ను ఆటపట్టిస్తున్నట్టు అడిగింది. "ఆదివారమైతే?"

"ఆదివారమైనా."

"ద్వాదశి అయితే?"

"నోరు మూయ్."

"వజూ చేసుకోనా?"

"చేసుకో" అన్నాను.

ఆ మొక్కకు అక్కడ ఎండ చాలదు. సన్నగా పొడుగ్గా సాగుతోంది. వారానికోసారి ఫోటో పంపుతుంది. బతుకుతుందో లేదో చెప్పలేను.

ఆదివారం, మంగళవారం, శుక్రవారం నేను ఇప్పటికీ కోయను. నా పూజకు కోయను. ముందురోజు ఆకులే కడిగి పెడతాను. కొంగు ముడిలో ఎప్పుడూ రెండు ఆకులు ఉంటాయి, ఎవరు ఎప్పుడు ఫోన్ చేస్తారో తెలియదు గనుక. ఒక అలవాటు మాత్రం కొత్తగా వచ్చింది. కడిగే ముందు ప్రతి ఆకునూ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను. రెండో రోజు వాసన ఉంటుంది. మూడో రోజుకు నలిపితే గానీ రాదు. నాలుగో రోజు నలిపినా రాదు. వాడినా ఎండినా దాని విలువ తగ్గదని మా అత్త చెప్పింది. వాసన సంగతి ఆమె చెప్పలేదు.